గురివింద గింజల వేలంపాట

ఒక పెద్ద అడవిలో, ఆ అడవిలో కూడా పట్టనంత పెద్ద ఆలోచనలతో, ఒక చిన్న ముంగిస ఉండేది. ఆ ముంగిసని నేనే. ఈ కథని ఇంకెవరి మీదైనా పెట్టి చెబుదామని చూశాను. విన్నవాళ్లంతా మధ్యలోనే ఆపి, "అది నువ్వే కదూ?" అంటున్నారు. అందుకని ముందే ఒప్పేసుకుంటున్నాను.

నేను ఏ గురువు దగ్గరా చదువుకోలేదు. మా అడవి అంచున మనుషులు కట్టుకున్న భవనం ఒకటుంది. అందులో ఒక హాలు నిండా కంప్యూటర్లే. ఆ హాలు కిటికీ కింద, తుప్పల్లో కూర్చుని విన్నదే నా చదువంతా. ఒకరోజు ఒక మేడమ్ పిల్లలకి చెబుతోంది: "పెద్ద పనిని వెయ్యి ముక్కలు చేసి వెయ్యి కంప్యూటర్లకి పంచొచ్చు. కానీ కంప్యూటర్లు అందరికీ కావాలి. ఎవరికి ముందివ్వాలి? వేలం పెట్టండి. ఎవరికి నిజంగా అవసరమో వాళ్లే ఎక్కువ పాడతారు. అయితే ఇందులో ఒక చిక్కుంది..."

అప్పుడే ఎవరో ఏసీ వేసి కిటికీ మూసేశారు.

ఆ చిక్కేంటో నాకు వినపడలేదు. విన్నంత వరకూ బాగానే ఉంది కదా, చాల్లే అనుకుని ఇంటికొచ్చేశాను.

మా అడవిలో కంప్యూటర్లు లేవు. చీమలున్నాయి. వాగు ఒడ్డు నుంచి కొండ మొదలు దాకా వంద పుట్టలు. ఎవరికి పని పడినా దగ్గర్లో ఉన్న పుట్టకి వెళ్లి చెప్పుకోవాలి. చీమలు మీసం మీసం ఆనించుకుంటూ ఆ కబురు పుట్ట నుంచి పుట్టకి చేరేస్తాయి. ఖాళీగా ఉన్న పుట్టలన్నీ వచ్చి తలా ఒక ముక్క పని అందుకుంటాయి. జంతువు కూలితే మోసుకుపోవాలన్నా, గుహ ఊడవాలన్నా, మట్టి ఎత్తిపోయాలన్నా అంతే.

ఇద్దరు ఒకేసారి వస్తే మాత్రం చీమలు ఒక పని చేసేవి. ఇద్దరి ముఖాల మీదికీ ఎక్కి, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా నడిచి చూసేవి. కన్ను తడిగా ఉందా, ముక్కు ఎండిపోయిందా, దవడ వణుకుతోందా అని. దిగి వచ్చి, "దీని తొందర నిజం, దాని తొందర అబద్ధం" అని తేల్చేసేవి. తాతల నాటి నుంచీ అదే పద్ధతి.

నాకు అది చూస్తే ఒళ్లు మండిపోయేది. ముఖం మీద చీమల్ని పాకించుకుని అవసరం రుజువు చేసుకోవడమేంటి, అనాగరికం కాకపోతే!

నాకంటే ఎక్కువ మండింది నెమలికి. ఆ వేసవిలో ఏనుగు బండ దగ్గర సభ పెట్టించింది.

"నాలుగుసార్లు, దొరగారూ! నాలుగుసార్లు నా ముఖమెక్కి దిగి, నా తొందర అబద్ధమన్నాయి," అంది నెమలి. "ఆటస్థలం ఊడవకపోతే నేనెక్కడ ఆడాలి? వీళ్ల నెత్తి మీదా?"

సభకి పెద్ద అడవిదున్న దొరగారు. ఆయన నెమరు వేస్తూ "నిజమే" అన్నారు.

నేను ఒక్క గెంతులో బండెక్కాను. ఎవరూ పిలవలేదు. నన్ను ఎక్కడికీ ఎవరూ పిలవరు, నేనే వెళుతుంటాను.

"దొరగారూ, తప్పు చీమలది కాదు, పద్ధతిది. నోటితో అడిగితే అందరూ ప్రాణం మీదికొచ్చిందనే అంటారు. అదే ఖర్చు పెట్టి అడగమంటే నిజం చెబుతారు. తలా ఇరవై గురివింద గింజలిద్దాం. రోజూ పొద్దున ఇక్కడే పాట పెడదాం. ఎక్కువ పాడినవాళ్లకి ఆ రోజు వంద పుట్టలూ పనిచేస్తాయి."

పాట అనగానే నెమలి గొంతు సవరించుకుంది. ఆ పాట కాదని చెప్పి కూర్చోబెట్టడానికి కొంత సేపు పట్టింది.

"గురివిందలే ఎందుకు పిల్లా?" అంది నక్క. నక్కకి చీమలతో ఎప్పుడూ పనుండదు. అయినా సభకి ముందొచ్చి కూర్చునేది అదే.

"ఎవరూ తినరు కాబట్టి, నక్క బావా. తినే గింజలైతే కోతులు ఒక పూటలో సంత ఖాళీ చేస్తాయి."

"అబ్బో! చదువంటే ఇదీ!" అంది నక్క. ఆ మాటకి నా తోక రెండింతలు ఉబ్బింది.

అప్పుడు వెనక నుంచి తాబేలు పెద్దమ్మ మెడ బయటికి పెట్టింది. మేమిద్దరం వాగు ఒడ్డునే ఉంటాం. నా చిన్నప్పుడు మా అమ్మ పాముల వేటకి పోతే నన్ను కనిపెట్టుకుని ఉన్నది ఆవిడే.

"అమ్మాయీ, నాకో సందేహం. వాగు మలుపులో, ఇసకలో గుడ్లు పెట్టాను. పందొమ్మిది. ఈసారి వానలు ముందే వచ్చేట్టున్నాయి. వాగు పొంగేలోపు గుంట చుట్టూ రెండు జానల ఎత్తు కట్ట కావాలి. రేపు చీమల దగ్గరికి పోదామనుకున్నా. ఈ గింజలూ పాటలూ నాకు చేతనవుతాయా?"

"పెద్దమ్మా, మీకోసమే పెట్టినట్టుంది చూడండి ఇది! అందరికీ ఇరవయ్యే కదా? అవసరం మీకు ఎక్కువ, కాబట్టి మీరే ఎక్కువ పాడతారు. మీరే గెలుస్తారు."

"నువ్వు చెబితే సరేనే తల్లీ. చదువుకున్నదానివి," అంది పెద్దమ్మ.

చివరగా ఒక నియమం కూడా పెట్టించాను. గింజ తీసుకోకుండా ఏ పుట్ట అయినా పని చేస్తే, ఆ పుట్ట మీద ఎలుగుబంటి కూర్చోవాలి. ఊరికే పని దొరికితే పాటకి ఎవరొస్తారు మరి?

"ఎంతసేపు కూర్చోవాలి?" అంది ఎలుగుబంటి.

"ఒక కునుకు సేపు."

"అయితే నాకిష్టమే."

"సరే," అన్నారు దొరగారు. ఆయన అన్నిటికీ సరే అనేవారు. నా అదృష్టమనుకున్నాను.

చీమల్ని ఎవరూ అడగలేదు. సభ ముగిశాక చీమల అవ్వ ఒకత్తి నా పాదం దగ్గర ఆగింది.

"గింజలిస్తారటగా?"

"అవునవ్వా! మీరూ వాటితో ఏమైనా చేయించుకోవచ్చు. ఎలుగుతో పుట్ట మీద పడ్డ మొద్దులు తీయించుకోవచ్చు. మీరిచ్చిన గింజ ఎలుగుకి, ఎలుగు దగ్గర్నుంచి ఇంకొకరికి... అలా తిరుగుతూ ఉంటుంది."

"ఏమో, అవన్నీ మాకు తెలీవు. ఇవ్వండి, మోసుకుపోతాం," అంది అవ్వ.

ఆ "మోసుకుపోతాం" దగ్గర నేను ఒక్క క్షణం ఆగి ఉంటే మీకు ఇవాళ చెప్పడానికి కథ ఉండేది కాదు.

మొదటి రెండు రోజులూ నెమలే గెలిచింది, తొమ్మిది గింజలకోసారి, ఎనిమిదికోసారి. దాని ఆటస్థలం అద్దంలా తయారైంది. మూడో రోజు పొద్దున తాబేలు పెద్దమ్మ మెడ బయటికి పెట్టి "ఐదు" అంది. ఎవరూ పైకి పాడలేదు. వరసగా నాలుగు రోజులు ఐదేసి పాడి, ఇరవై గింజలూ పెట్టేసి, నాలుగు రోజులూ గెలిచింది.

"చూశారా! నిజమైన అవసరమే గెలిచింది!" అని నేను అడవంతా తిరిగి చెప్పాను. రెండు చోట్ల రెండేసిసార్లు చెప్పాను.

ఆవిడ గెలిచిన నాలుగో రోజు సాయంత్రం కట్ట చూడ్డానికి వెళ్లాను. ఒక జానే లేచింది. అదీ వాగు వైపు మాత్రమే. పక్క ఇంకా బోసిగా ఉంది.

"వంద పుట్టలు, నాలుగు రోజులు, ఇంతేనా అవ్వా?" అన్నాను.

"పని సగం పూటే కదమ్మా. మిగతా సగం పూట పంపకం," అంది చీమల అవ్వ.

పంపకం నా కళ్లతో చూశాను. ఐదు గింజలు, వంద పుట్టలు. గింజ పగలదు. కానీ కూలి అందరికీ సమానంగా చేరాలి కదా? అందుకని ప్రతి గింజనీ పదకొండు చీమలు భుజానికెత్తుకుని ప్రతి పుట్ట గుమ్మం దాకా తీసుకెళుతున్నాయి. ఆ పుట్టలో వాళ్లంతా బయటికొచ్చి, మీసాలతో ఒకసారి తడిమి, "అందింది" అంటున్నారు. తర్వాత ఇంకో పుట్ట. దారికి రెండు వైపులా వేల చీమలు నిలబడి దారి కాస్తున్నాయి. వంద గుమ్మాలూ అయ్యాక, ఆఖరి పుట్టలోకి గింజని దించేస్తున్నాయి.

"ఇంత శ్రమ ఎందుకు?" అన్నాను.

"నువ్వే కదమ్మా అందరికీ సమానంగా ఉండాలన్నావు."

దానికి నేనేమన్నానో తెలుసా? "కొత్త పద్ధతి కుదురుకోవడానికి కొంత ఖర్చవుతుంది" అన్నాను. ఎవరూ నేర్పకుండానే ఆ మాట నోటికెలా వచ్చిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

తర్వాతి వారం కుందేళ్లు పాడాయి, జింకలు పాడాయి, ముళ్లపంది పాడింది. గింజలు పుట్టల్లోకి వెళుతున్నాయి. ఒక్కటీ బయటికి రావడం లేదు.

చీమలకి కొనుక్కోవడం తెలీదు. మొద్దు అడ్డం పడితే చుట్టూ తిరిగి వెళతాయి గానీ ఎలుగుని పిలవవు. దొరికినదాన్ని లోపలికి మోసుకుపోయి దాచడమొక్కటే వాటికి తెలిసిన విద్య. అది తెలీనివాళ్లు అడవిలో లేరు. పిల్ల కోతిని అడిగినా చెబుతుంది. చీమల చేతికి గింజలిచ్చి, అవి తిరిగొస్తాయని ఎదురుచూసిన జీవిని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే. "గురివింద గింజకి తన కింద నలుపు తెలీదు" అని నేను అందరినీ వెక్కిరిస్తుండేదాన్ని. మరి గుప్పెళ్లకొద్దీ పంచినదాన్ని, నాకైనా తెలియాలి కదా.

కొత్తవి ఏరుకొద్దామంటే, గురివింద తీగకి మళ్లీ కాయలు చలికాలానికే.

మూడో వారానికి అడవి మొత్తం మీద గింజలున్నది ఇద్దరి దగ్గరే. మొదటి నుంచీ ఒక్కటీ ఖర్చు పెట్టని నక్క దగ్గర ఇరవై. నెమలి దగ్గర మూడు. పాడేవాళ్లు లేక నేనే ధర దించుతూ పోయాను. ఒకనాడు రెండు, మర్నాడు ఒకటి.

"పాడండి నెమలి గారూ, ఒక్క గింజకే వంద పుట్టలు!" అని బండ మీద నిలబడి గొంతు చించుకున్నాను.

"మొన్న రెండు, నిన్న ఒకటి. రేపు ఇంకా దిగుతుంది. ఆగుతాను," అంది నెమలి.

"ఇప్పుడు ఖర్చు పెట్టేవాడు వెర్రివాడు," అంది నక్క, తన గింజల మీద గడ్డం ఆనించి.

అంతే, పాట ఆగిపోయింది. వంద పుట్టల చీమలు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఖాళీగా కూర్చున్నాయి. ఎలా కూర్చోవాలో తెలీక గుమ్మాల దగ్గర ఒకదాని మీద ఒకటి ఎక్కి దిగుతున్నాయి.

పడమటి కొండ మీద మబ్బు కట్టింది.

తాబేలు పెద్దమ్మ ఆ రోజు తన దగ్గర్లో ఉన్న పుట్టకి వెళ్లింది. ఆవిడ వెనకాలే నేనూ వెళ్లాను, చాటుగా.

"ఎక్కి చూడండి నా ముఖం," అని ఆవిడ మెడ నేలకి ఆనించింది. "నా తొందర నిజమో కాదో మీరే చెప్పండి."

చీమల అవ్వ దగ్గరికొచ్చింది గానీ ఎక్కలేదు. "ముఖాలు చూడ్డం రద్దయిపోయింది తల్లీ. ఎక్కకుండానే తెలుస్తోందిలే నీ సంగతి. కానీ ఊరికే వస్తే మా పుట్ట మీద ఎలుగు కూర్చుంటుంది. మాకూ గుడ్లున్నాయి లోపల."

పెద్దమ్మ మెల్లగా వెనక్కి తిరిగింది. నేను తప్పుకునేలోపే కనిపెట్టేసింది.

"ఇక్కడే ఉన్నావా? మంచిది. ఒక లెక్క చెప్పు. కట్ట కట్టే చీమలు ఎక్కడున్నాయి?"

"పుట్టల్లో."

"ఖాళీగానా?"

"ఖాళీగానే."

"గింజలెక్కడున్నాయి?"

"పుట్టల్లోనే."

"మరి అడ్డం ఏంటే?"

తెలీకపోతే ఊరుకోవచ్చుగా? "అది... సంతలో ఒక్కోసారి ఇలా అవుతుంటుంది పెద్దమ్మా. దానంతట అదే సర్దుకుంటుంది" అన్నాను.

ఆవిడ ఆకాశం వైపు చూసి, నా వైపు చూసింది. "ఏది ముందు సర్దుకుంటుందో మరి," అంటూ వాగు వైపు నడిచింది.

ఆ రోజు నేను చేయాల్సింది ఒక్కటే. చీమల దగ్గరికెళ్లి, "నియమం నాది, తప్పు నాది, మీరు రండి" అనాలి. మూడు మాటలు. అవి అనడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఈ కథలో నేను నిజంగా ఒప్పుకోవాల్సింది ఆ మూడు రోజులే. మిగతాదంతా తెలివితక్కువతనం, దానికి నవ్వి ఊరుకోవచ్చు.

మొదటి రోజు చీమల్ని అప్పు అడిగాను. "అవ్వా, ఐదంటే ఐదు గింజలు బదులివ్వండి. పెద్దమ్మకిస్తాను. ఆవిడ మళ్లీ మీకే ఇస్తుంది."

"మా దగ్గర తీసుకుని మాకే ఇస్తుందా?"

"అవును."

"మధ్యలో నువ్వెందుకు?" అంది అవ్వ. "దాచింది బయటికి తీయడం మా వంశంలో లేదు తల్లీ. లోపలికి పోయే దారే తవ్వుకున్నాం గింజలకి."

రెండో రోజు నక్క దగ్గరికెళ్లాను.

"ఇస్తాను పిల్లా, ఎందుకివ్వను? తాబేలు తిరిగి నలభై ఇస్తుందా?"

"పుట్టల బయట నలభై గింజలే లేవు కదా బావా!"

"ఆ సంగతి అప్పు తీసుకునేవాళ్లు చూసుకోవాలి."

మూడో రోజు సభ పెట్టించి, నియమం ఎత్తేయమని అడిగాను. దొరగారు "సరే" అననే అన్నారు. నక్క లేచింది.

"దొరగారూ, ఒక్క తాబేలు కోసం నియమం మారిస్తే రేపు గింజని ఎవరు నమ్ముతారు? కష్టపడి ఇరవై పోగేసుకున్న నాలాంటివాళ్ల గతేంటి? ముందు ఒక కమిటీ వేద్దాం."

"సరే," అన్నారు దొరగారు.

కమిటీలో నన్నూ వేశారు. సిగ్గులేని మాట చెబుతున్నాను, ఒక్క క్షణం సంతోషమేసింది.

అప్పుడే పడింది మొదటి చినుకు, నా ముక్కు మీద.

వాగు దాకా పరుగెత్తాను. పెద్దమ్మ అక్కడ తన డొప్ప అంచుతో ఇసకని నెడుతోంది. ఒక్క అడుగు నెట్టేసరికి సగం జారి వెనక్కొస్తోంది. నీళ్లు కట్ట మొదలు తాకుతున్నాయి. ఏం చేయాలో తోచక, ఏదో ఒకటి చేయాలని ఇసకలో కాళ్లు పెట్టాను. ఇసక ఎగిరి పడింది.

అప్పుడు తెలిసింది, నాకు గోళ్లున్నాయని. ముంగిసలు తవ్వి బతుకుతాయి. మా అమ్మా, అమ్మమ్మా తవ్వే బతికారు. ఇన్నాళ్లూ ఆ గోళ్లతో నేను బండ మీద నియమాలు గీశాను.

తవ్వాను. నేను పోసిన కట్ట చూసి మా అమ్మ ఉంటే తల బాదుకునేది, అంత వంకర. అయినా పోస్తూనే, పక్కనున్న పుట్ట వైపు అరిచాను.

"అవ్వా! నియమం నాది! తప్పు నాది! రండి!"

"ఎలుగు మాటేంటి?" గుమ్మంలోంచే అడిగింది అవ్వ.

"నా మీద కూర్చోబెడతాను!"

అవ్వ మీసాలు కదిలాయి. ఆ పుట్ట నుంచి పక్క పుట్టకి, అక్కణ్ణుంచి ఇంకో పుట్టకి. కాసేపటికి ఇసకంతా నల్లగా కదిలింది. పంపకం లేదు, ఊరేగింపు లేదు. ఒక్కో చీమ ఒక్కో ఇసక రేణువు. నాలుగు రోజుల్లో లేవని పక్క కట్ట, వాన జోరందుకునేలోపు నా భుజం దాకా లేచింది.

కానీ మేము మొదలుపెట్టేసరికే పక్క నుంచి నీళ్లు గుంటలోకి ఊరాయి.

వాగు తగ్గాక పెద్దమ్మతో కలిసి ఇసక తీసి చూశాను. పై వరసల్లో పదకొండు గుడ్లు పొడిగా ఉన్నాయి. అడుగు వరసలో ఎనిమిది నాని పాడైపోయాయి. పెద్దమ్మ ఒక్కొక్కదాన్నీ ముక్కుతో తాకింది. పాడైనవాటిని కూడా.

"పెద్దమ్మా, మూడు రోజుల ముందే నేను..."

"ఊఁ."

"ఏమైనా అనండి నన్ను."

"నేనేమైనా అంటే నీకు తేలికవుతుంది," అంది పెద్దమ్మ. "నేను అనను." పదకొండింటి మీదా ఇసక కప్పడం మొదలుపెట్టింది.

మర్నాడు సభలో ఎలుగుబంటి నా మీద కూర్చుంది. ఒక కునుకు అని నేనే రాయించాను. ఎలుగుల కునుకు ఎంతసేపుంటుందో అప్పుడు కనుక్కోలేదు. దాని కింద నుంచే, ఒక చెవితో, కమిటీ నివేదిక విన్నాను. నక్క చదివింది.

"దొరగారూ, సంత పద్ధతి ఘనవిజయం. వరదలో పదకొండు గుడ్లు దక్కాయి. ఆఖరి రోజు వంద పుట్టలూ పనిచేసినా ఒక్క గింజ ఖర్చు కాలేదు. అడవి చరిత్రలో ఇంత చవకగా ఏ పనీ జరగలేదు. గింజల విలువ చెక్కుచెదరలేదు, నా దగ్గర చూడొచ్చు. ఇదంతా ముంగిస చలవే. పక్క అడవివాళ్లు కూడా మనమ్మాయిని పంపమని కబురు పెట్టారు. ఈమెని ప్రధాన సలహాదారుగా ప్రకటించాలని కోరుతున్నాను."

"సరే," అన్నారు దొరగారు.

జనం వెనక తాబేలు పెద్దమ్మ ఉంది. మెడ లోపలికి తీసేసుకుంది.

ఎలుగు లేచింది. నేనూ లేచి ఒళ్లు దులుపుకుని, ఊపిరి కూడదీసుకున్నాను. ఇదంతా అబద్ధమని చెబుదామనే నోరు తెరిచాను. ప్రమాణపూర్తిగా అందుకే తెరిచాను.

"పక్క అడవికి ఎప్పుడు బయల్దేరాలి?" అని వచ్చింది.

నీతి: గోళ్లున్న ప్రతివాళ్లూ తప్పక సలహాదారులు కావాలి, లేకపోతే తవ్వాల్సి వస్తుంది.